మహమ్మారి కాలంలో ప్రయాణం: వైద్య బీమాను ఎలా ఎంచుకోవాలి, అవసరం వచ్చినప్పుడు ఎలా వాడుకోవాలి

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కొవిడ్ కేసు నమోదైంది నెల్లూరులోనే. 2020 మార్చి రెండో వారంలో, ఇటలీ నుంచి తిరిగివచ్చిన ఒక విద్యార్థికి వ్యాధి సోకినట్లు పరీక్షలో తేలింది. ఆ తరువాత రెండు వారాలైనా గడవకముందే, మార్చి 23 నుంచి, అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మామూలు షెడ్యూలు ప్రకారం అవి మళ్లీ ఎగరడానికి 2022 మార్చి 27 దాకా పట్టింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు, కువైట్‌లో పనికి వెళ్లినవారు, రాతి ప్రదర్శనల కోసం చైనాకూ ఇటలీకీ తిరిగే చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు, అందరికీ ఒకే సందేహం ఎదురైంది: చేతిలో ఉన్న పాలసీ కాగితం ఈ జబ్బుకు పనికొస్తుందా, రాదా?

ఆ సందేహం ఆసుపత్రి కౌంటరు దగ్గర తీర్చుకోవలసినది కాదు, టికెట్టు కొనకముందే తీర్చుకోవలసినది. కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది, నిజమే; కానీ 2024 ఆగస్టులో ఎంపాక్స్ (మంకీపాక్స్) విషయంలో మళ్లీ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది. కేరళలో 2018 నుంచి నిపా అప్పుడప్పుడూ తల ఎత్తుతూనే ఉంది. కాబట్టి కింద చెప్పే పద్ధతి ఒక్క కొవిడ్‌కే కాక, రేపు ఏ పేరుతో అంటువ్యాధి వచ్చినా ఉపయోగపడేలా రాస్తున్నాను.

మొదట ఒక విషయం మనసులో స్థిరపరచుకోండి. మహమ్మారి వేళ ప్రయాణికుడికి వచ్చిపడే ఖర్చులు మూడు రకాలు. జబ్బు చేసి ఆసుపత్రిలో చేరితే అయ్యే వైద్య ఖర్చు మొదటిది. జబ్బు ముదరకపోయినా పరీక్షలో పాజిటివ్ వచ్చినందువల్ల హోటల్లోనో ప్రభుత్వం చూపిన గదిలోనో ఆగిపోవడంవల్ల అయ్యే ఖర్చు రెండోది. ప్రయాణమే రద్దయితే పోయే టికెట్టు, బుకింగు డబ్బు మూడోది. ఈ మూడింటికీ పాలసీలో మూడు వేర్వేరు షరతులు ఉంటాయి. ఏజెంటు "కొవిడ్ కవర్ ఉంది సార్" అన్నప్పుడు సాధారణంగా అతని ఉద్దేశం మొదటిది మాత్రమే. వినేవాళ్లు మూడూ ఉన్నాయనుకుంటారు. చిక్కులన్నీ అక్కడే పుడతాయి.

చేతిలో ఇప్పటికే ఉన్నదేమిటో చూసుకోండి

కొత్త పాలసీ గురించి ఆలోచించే ముందు ఇంట్లో ఉన్న కార్డులూ కాగితాలూ బల్లమీద పరచుకోండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనవాళ్లు ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే పథకం, 2020లో కొవిడ్ చికిత్సను కూడా తనలో చేర్చుకుంది. అయితే అది అనుబంధ ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది, దేశం దాటితే చెల్లదు. ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్ఎస్) కార్డు సంగతీ అంతే. ఇంట్లో 70 ఏళ్లు నిండినవారు ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు వారికి ఉందో లేదో చూడండి. కాశీకో షిర్డీకో వెళ్లినప్పుడు అక్కడి పథకం ఆసుపత్రుల్లో ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు అది ఉపయోగపడుతుంది.

మీరు సొంతంగా కట్టుకుంటున్న ఆరోగ్య బీమా ఉంటే, దేశం లోపల ఎక్కడికి వెళ్లినా సాధారణంగా అదే సరిపోతుంది. కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారి క్లెయిమ్‌లను త్వరగా పరిష్కరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 మార్చి 4ననే కంపెనీలకు చెప్పింది. మరో మంచి మార్పు 2024 జనవరిలో వచ్చింది: నెట్‌వర్క్‌లో లేని, అంటే కంపెనీతో ఒప్పందం లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ చికిత్స, అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి, కోరే వీలు కల్పించారు. అత్యవసరంగా చేరితే 48 గంటల లోపల, ముందే అనుకున్న చికిత్స అయితే చేరడానికి 48 గంటల ముందే కంపెనీకి తెలియజేయాలి. చేరే సమయంలో క్యాష్‌లెస్ విన్నపంపై గంటలోపల, డిశ్చార్జి సమయంలో మూడు గంటల లోపల కంపెనీ తన నిర్ణయం చెప్పాలని అదే ఏడాది మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. పరాయి ఊళ్లో కౌంటరు దగ్గర నిలబడినప్పుడు ఈ గడువులు గుర్తుంటే మాట గట్టిగా అడగవచ్చు.

రైలు టికెట్టుతో పాటు ఆన్‌లైన్‌లో ఇచ్చే బీమాను చాలామంది వైద్య బీమా అనుకుంటారు. రూపాయి కూడా ఖర్చుకాని ఆ బీమా తీసుకోవడం మంచిదే, తప్పకుండా టిక్ పెట్టండి, నామినీ పేరు కూడా ఆ తరువాత వచ్చే లింకులో నింపండి. కానీ అది రైలు ప్రమాదానికి మాత్రమే. మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ 10 లక్షలు, ప్రమాద గాయాల చికిత్సకు 2 లక్షల వరకు ఇస్తుంది. రైల్లో జ్వరం వచ్చి దిగి ఆసుపత్రిలో చేరితే అందులోంచి పైసా రాదు.

విదేశీ ప్రయాణానికి మాత్రం మన దేశీయ ఆరోగ్య పాలసీలు మామూలుగా పనిచేయవు. ఏవో కొన్ని ఖరీదైన పాలసీల్లో విదేశీ చికిత్సకు ప్రత్యేక క్లాజు ఉంటుంది. అది మీ పాలసీ షెడ్యూలులో, అంటే మీ పేరు, తేదీలు, కవరు మొత్తాలు ఉండే పత్రంలో, అచ్చయి ఉంటేనే నమ్మండి.

వెళ్లే దేశం ఏమి కోరుతుందో తెలుసుకోండి

షెంజెన్ దేశాలకు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలకు, వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా, అత్యవసర చికిత్సకూ మరణిస్తే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చడానికీ వర్తించేలా, ఆ దేశాలన్నింటిలో చెల్లేలా ఉండాలి. అమెరికాకు జే-1 (ఎక్స్‌ఛేంజ్ సందర్శకుల) వీసాపై వెళ్లేవారికి ఒక్కో జబ్బుకు లక్ష డాలర్ల కవరు, వైద్య అవసరంకోసం తరలించడానికి 50,000, భౌతికకాయం తరలింపునకు 25,000 డాలర్లు తప్పనిసరి. అదే అమెరికాకు సందర్శక వీసాపై వెళ్లే తల్లిదండ్రులను బీమా ఉందా అని ఎవరూ అడగరు. అడగరు కాబట్టి అవసరం లేదనుకోవడం చాలా ప్రమాదం. అందరికంటే ఎక్కువగా అవసరమయ్యేది వాళ్లకే.

మహమ్మారి ముదిరినప్పుడు ఈ నిబంధనలు వారాల వ్యవధిలో మారిపోతాయి. 2021 చివర్లో సింగపూర్ తన తలుపులు కొద్దిగా తెరిచినప్పుడు, సందర్శకులు కొవిడ్ చికిత్సకు కనీసం 30,000 సింగపూర్ డాలర్ల బీమా చూపాలని షరతు పెట్టింది, తరువాత ఎత్తివేసింది. అందువల్ల టికెట్టు కొనే రోజున ఒకసారి, బయలుదేరడానికి వారం ముందు మరోసారి ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటును మీరే చూడండి. ట్రావెల్ ఏజెంటు నోటిమాట మీద ఆధారపడవద్దు.

కువైట్, సౌదీ, ఖతార్ వంటి దేశాలకు ఈసీఆర్ పాస్‌పోర్టుపై, అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ వలస అనుమతి అవసరమయ్యే పాస్‌పోర్టుపై, వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు ఇస్తుంది. వైద్యానికి పరిమితి లక్ష రూపాయలే. గల్ఫ్‌లో ఐసీయూలో చేరినవారికి ఆ లక్ష ఎంతమేరకు సరిపోతుందో ఎవరికైనా అర్థమవుతుంది. కువైట్‌లో నివాస అనుమతి, మనవాళ్లు అకామా అంటారు, దానితోపాటే ఆరోగ్య బీమా ముడిపడి ఉంటుంది. యజమాని అకామా సకాలంలో పునరుద్ధరించకపోతే బీమా కూడా పోతుంది. కాబట్టి పనికి వెళ్తున్న అక్కచెల్లెళ్లకు ఇంటివారు చేయవలసిన సాయం ఏమిటంటే, అకామా తేదీని నెల్లూరులోనో పొదిలిలోనో ఇంటి క్యాలెండరు మీద రాసిపెట్టుకొని, గడువుకు నెల ముందే ఫోనులో గుర్తుచేయడం.

పాలసీ పత్రంలో ఏ పేజీ చదవాలి

రంగుల కరపత్రం చదవవద్దు. "పాలసీ వర్డింగ్స్" అనే పూర్తి పత్రాన్ని అడగండి. కంపెనీ వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా కూడా దొరుకుతుంది. అందులో "సాధారణ మినహాయింపులు" అనే భాగానికి, అంటే కంపెనీ డబ్బు ఇవ్వని సందర్భాల జాబితాకు, నేరుగా వెళ్లండి. యుద్ధం, అంతర్యుద్ధం, అణుధార్మికత, ఆత్మహత్యాయత్నం అంటూ సాగే వరుసలో, కళ్లు అలసిపోయే చోట, "మహమ్మారి లేదా అంటువ్యాధి వ్యాప్తివల్ల కలిగిన నష్టం" అనే అర్థం వచ్చే ఒక వాక్యం చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ వాక్యం ఉంటే, దానికి మినహాయింపుగా మరోచోట "కొవిడ్-19కు ఇది వర్తించదు" అని ఉందో లేదో వెతకండి.

ఇక్కడ బాగా నిదానించి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. కంపెనీలు 2020 తరువాత తమ పాలసీల్లో కొవిడ్ పేరు ప్రత్యేకంగా చేర్చాయి. కానీ అంటువ్యాధుల మినహాయింపును కొన్ని అలాగే ఉంచాయి. అలాంటి పాలసీలో కొవిడ్‌కు డబ్బు వస్తుంది, రేపు కొత్త వైరస్ వస్తే రాదు. కొవిడ్ పేరు ప్రత్యేకంగా రాసిన పాలసీ కంటే, అంటువ్యాధిని కూడా మిగతా ఏ జబ్బులాగానో చూస్తామని రాసిన పాలసీయే మేలని నా అభిప్రాయం. ప్రీమియం కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

రెండో మెలిక తేదీలది. ఒక సంఘటన అందరికీ తెలిసిపోయాక కొన్న పాలసీ ఆ సంఘటనవల్ల వచ్చే నష్టానికి వర్తించదన్నది ప్రయాణ బీమాలో పాత సూత్రం. కొవిడ్‌ను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా 2020 జనవరి 30న, మహమ్మారిగా మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తేదీలను గీతగా పెట్టుకొని, అంతకుముందు కొన్నవారిని ఒకలా, తరువాత కొన్నవారిని మరొకలా చూసిన కంపెనీలు ప్రపంచమంతటా ఉన్నాయి. కాబట్టి ప్రయాణం ఖాయం కాగానే, ఏ వార్తా రాకముందే పాలసీ కొనండి. వార్త వచ్చాక పరుగెత్తడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే అవుతుంది.

మూడోది ప్రభుత్వ సలహా. ఫలానా దేశానికి వెళ్లవద్దని కేంద్రం ప్రకటించిన తరువాత కూడా మీరు వెళ్తే, అక్కడ ఆ వ్యాధి సోకినా చెల్లించబోమని రాసుకున్న పాలసీలు ఉన్నాయి. ఈ వాక్యాన్ని కూడా వెతికి చూడండి.

నాలుగోది "వైద్యపరంగా అవసరమైన" అనే మాట. పరీక్షలో పాజిటివ్ వచ్చి లక్షణాలేవీ లేకపోయినా కేవలం విడిగా ఉంచడంకోసం ఆసుపత్రిలో చేర్చితే, అది చికిత్స కాదని కంపెనీ అనవచ్చు. హోటల్ క్వారంటైన్‌కు డబ్బు ఇవ్వాలంటే దానికి వేరే ప్రయోజనం పేరుపెట్టి ఉండాలి. రోజుకు ఎంత, ఎన్ని రోజులు అన్నది షెడ్యూలులో అంకెల్లో కనిపించాలి. అంకె లేకపోతే ఆ ప్రయోజనం లేనట్లే.

ఈ నాలుగింటినీ ప్రశ్నలుగా రాసి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిలు పంపండి. ఫోనులో అడగవద్దు. "నేను ఫలానా తేదీన ఫలానా దేశానికి వెళ్తున్నాను, అక్కడ అంటువ్యాధి సోకి ఆసుపత్రిలో చేరితే చికిత్స ఖర్చు ఇస్తారా? పాజిటివ్ వచ్చి ఆసుపత్రి అవసరం లేకుండా హోటల్లో ఉండవలసి వస్తే ఇస్తారా? విమానాలు రద్దయి గడువు దాటితే పాలసీ పొడిగిస్తారా?" ఇంత చాలు. వచ్చిన జవాబును అచ్చు తీసి పాలసీకి పిన్ను కొట్టి ఉంచండి. తరువాత వివాదం వస్తే ఆ కాగితమే మీ బలం.

మొత్తం ఎంత ఉండాలి, అందులో మీ చేతినుంచి ఎంత పోతుంది

పాలసీ మీద "50,000 డాలర్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ మొత్తమంతా వస్తుందనుకోకండి. అమెరికా సందర్శక పాలసీలు రెండు జాతులు. ఒకదాంట్లో ప్రతి సేవకూ ముందే కట్టిన ధర ఉంటుంది: గదికి రోజుకు ఇంత, ఐసీయూకు ఇంత, అంబులెన్సుకు ఇంత. రెండోదాంట్లో మొదట మీరు భరించవలసిన డిడక్టబుల్, ఆ తరువాత కొంత మేరకు వాటా, ఆపైన మొత్తం కంపెనీ భరించడం ఉంటుంది.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. ఐసీయూలో మూడు రోజులుంటే బిల్లు 20,000 డాలర్లు వచ్చిందనుకోండి. రెండో రకం పాలసీలో డిడక్టబుల్ 250 డాలర్లు, తరువాతి 5,000 డాలర్లలో కంపెనీ వాటా 80 శాతం, మీది 20 శాతం అయితే, మీ చేతినుంచి పోయేది 250కి తోడు 1,000, మొత్తం 1,250 డాలర్లు. మిగిలిన 18,750 కంపెనీది. మొదటి రకం పాలసీలో ఐసీయూకు రోజుకు 1,500 డాలర్లే కట్టి ఉంటే, మూడు రోజులకు ఆ పద్దు కింద వచ్చేది 4,500. మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజుల కింద మరికొంత రాలినా, మిగతాది కొడుకో కూతురో కట్టుకోవాలి. మొదటి రకం ప్రీమియం చూడటానికి చౌకగా ఉంటుంది. మహమ్మారి రోజుల్లో రోగి ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండవలసి వస్తుంది కాబట్టి, అరవై దాటినవారికి ఈ చౌక పాలసీ తీసుకోవడం మంచిది కాదని గట్టిగా చెబుతున్నాను.

డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవారికి కంపెనీలు కవరును బాగా తగ్గించేస్తాయి. ఆ వయసువారిని మహమ్మారి నడుస్తుండగా పంపించాలా వద్దా అన్నది బీమా తేల్చే విషయం కాదు, కుటుంబం కూర్చుని తేల్చుకోవలసిన విషయం. మనవడి పుట్టుక ఆగదు, అది నిజమే. కానీ వాళ్ల ఊపిరి గురించి కూడా ఆలోచించాలి.

షుగరు, బీపీ దాచవద్దు

అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ దరఖాస్తులో, "మీకు ఏవైనా వ్యాధులు ఉన్నాయా" అనే ప్రశ్న ఎదురుగా ఏజెంటు అలవాటుగా "లేవు" అని నింపేస్తాడు. ఉన్నాయని రాస్తే ప్రీమియం పెరుగుతుందనో, వైద్య పరీక్షలు అడుగుతారనో, పాలసీ రాదనో భయపెడతాడు. ఫారం మీ చేత్తో మీరే నింపండి, లేదా అతను నింపినదాన్ని సంతకానికి ముందు వరుసవరుసగా చదవండి. ఆన్‌లైన్‌లో అయితే ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి.

ఎందుకింతగా చెబుతున్నానంటే, విదేశంలో ఆసుపత్రిలో చేరగానే డాక్టరు మొదట అడిగేది "ఇంట్లో ఏ మాత్రలు వాడుతున్నారు" అనే. పెద్దాయన పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నానని నిజం చెబుతాడు. ఆ మాట కేసు షీటులో పడుతుంది. కేసు షీటు బీమా కంపెనీకి చేరుతుంది. ఫారంలో "లేవు" అని, కేసు షీటులో "పదేళ్లుగా" అని ఉంటే, వచ్చిన జబ్బు ఊపిరితిత్తులదైనా, దాచిపెట్టారన్న కారణంతో క్లెయిమ్ మొత్తాన్నే తిరస్కరించడానికి కంపెనీకి దారి దొరుకుతుంది.

నిజం రాసినా, ముందునుంచి ఉన్న జబ్బులకు ప్రయాణ బీమా మామూలుగా డబ్బు ఇవ్వదు. ప్రాణాపాయ స్థితిలో చేసే చికిత్సకు మాత్రం కొంత పరిమితి వరకు ఇస్తుంది. అమెరికా పాలసీల్లో దీనికి దగ్గరగా ఉండే షరతు ఏమిటంటే, పాత జబ్బు ఎలాంటి హెచ్చరికా లేకుండా హఠాత్తుగా తిరగబడాలి, ఆ తరువాత 24 గంటల లోపల చికిత్సకు వెళ్లాలి. నెమ్మదిగా ముదిరిన షుగరుకు, మామూలు చెకప్‌కు, రోజూ వేసుకునే మాత్రలకు అందులో చోటు లేదు.

అంటువ్యాధికీ పాత జబ్బుకీ మధ్య గీత గీయడం అంత సులభం కాదు. షుగరు ఉన్నవారికి కొవిడ్ తీవ్రంగా రావడం, స్టెరాయిడ్లు వాడాక షుగరు అదుపు తప్పడం, 2021లో చాలామందికి ఆ తరువాత నల్ల ఫంగస్ సోకడం మనం చూశాం. అప్పుడు ఇన్సులిన్ ఖర్చు కొవిడ్ చికిత్సలో భాగమా, షుగరు చికిత్సలో భాగమా? ఈ ప్రశ్నను కూడా మీ ఈమెయిలులో చేర్చండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు డిశ్చార్జి సమ్మరీలో ప్రధాన రోగ నిర్ధారణ ఏదని రాశారో చదవండి. అంటువ్యాధితో చేరితే ఆ పేరే ముందు ఉండాలి. పొరపాటుగా షుగరును ముందు రాసి ఉంటే, డిశ్చార్జికి ముందే డాక్టరుతో మర్యాదగా మాట్లాడి సరిచేయించుకోండి.

తేదీలు

చెన్నై నుంచి గల్ఫ్‌కూ అమెరికా వైపుకూ వెళ్లే చాలా విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. టికెట్టు మీద 15వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలని ఉంటే మీరు ఇంటినుంచి కదిలేది 14నే. పాలసీని 14 నుంచి మొదలుపెట్టండి. అయినా, విదేశీ ప్రయాణ పాలసీలు చాలావరకు ఇమ్మిగ్రేషన్ దాటాకే పనిచేయడం మొదలుపెడతాయి. నెల్లూరునుంచో ఒంగోలునుంచో జాతీయ రహదారి మీద కారులో వెళ్తుండగా ఏదైనా జరిగితే మీ దేశీయ ఆరోగ్య పాలసీయే దిక్కు. కాబట్టి విదేశానికి పోతున్నాం కదా అని ఆ పాలసీని లాప్స్ కానివ్వకండి. తిరిగివచ్చాక కూడా అదే కావాలి.

తిరుగు ప్రయాణం తేదీకి కనీసం పదిహేను రోజులు అదనంగా కలిపి పాలసీ తీసుకోండి. విమానాలు ఆగిపోతే పొడిగింపు కోరవచ్చు, కానీ గడువు ముగియకముందే కోరాలి, అప్పటికి క్లెయిమ్ చేసి ఉంటే నిరాకరించే అవకాశం ఉంది. ఏడాది పొడవునా చెల్లే పాలసీ తీసుకునే వ్యాపారులు, ఒక్కో ప్రయాణానికి ఎన్ని రోజుల పరిమితి ఉందో చూసుకోవాలి. ఏడాది పాలసీ అంటే ఏడాదంతా అక్కడే ఉండవచ్చని కాదు.

సంచిలో పెట్టుకోవలసిన కాగితాలు

పాలసీ షెడ్యూలు రెండు ప్రతులు అచ్చు తీసి, ఒకటి చేతిసంచిలో, ఒకటి ఇంట్లో ఉంచండి. ఫోను పోయినా కాగితం మిగలాలి. బీమా కంపెనీ సహాయ కేంద్రం నంబరును పాస్‌పోర్టు కవరు లోపల పెద్ద అంకెలతో రాసి అతికించండి. కళ్లజోడు లేకుండా కూడా చదవగలిగేలా ఉండాలి. మీ ఊరి డాక్టరుగారిచేత మందుల చీటీని బ్రాండు పేర్లతో కాక అసలు మందు పేర్లతో, ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్నిసార్లో, అర్థమయ్యే దస్తూరీతో ఇంగ్లీషులో రాయించండి. మన బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. మాత్రలు తిరిగివచ్చే తేదీకి నెలరోజులు ఎక్కువే తీసుకెళ్లండి. టీకా ధ్రువపత్రం, ఇటీవలి రక్తపరీక్షల ఫలితాలు కూడా ఉంచండి.

జ్వరం వచ్చినప్పుడు

ప్రాణాపాయం కనిపిస్తే అంబులెన్సుకు ఫోను చేయడమే మొదటి పని, బీమా తరువాత. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వ వైద్య పథకంలో చేరిన ఆసుపత్రుల అత్యవసర విభాగం డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలి. బిల్లు తరువాత వస్తుంది. డబ్బు భయంతో ఊపిరాడని మనిషిని ఇంట్లో ఉంచుకోకండి.

ప్రాణాపాయం లేకపోతే ముందుగా సహాయ కేంద్రానికి ఫోను చేసి, నెట్‌వర్క్‌లో ఉన్న దగ్గరి క్లినిక్ ఏదో అడగండి. మామూలు జ్వరానికి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్తే ఖర్చు చాలా ఎక్కువ, కొన్ని పాలసీలు అందుకు అదనపు డిడక్టబుల్ కూడా వేస్తాయి. ఫోనులో మీకు ఇచ్చిన రిఫరెన్సు నంబరు, మాట్లాడినవారి పేరు, సమయం ఒక కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రిలో చేరిన 24 గంటల లోపల తెలియజేయాలని చాలా పాలసీలు షరతు పెడతాయి. రోగి తరఫున కొడుకో కోడలో ఫోను చేసినా సరిపోతుంది. ప్రతి బిల్లుతోపాటు చెల్లించిన రసీదు, పరీక్ష ఫలితం, డాక్టరు సంతకంతో డిశ్చార్జి సమ్మరీ తీసుకోండి.

నమోదిత వైద్యుడు రాసిన చీటీ, అచ్చయిన బిల్లు లేని ఏ మందుకూ క్లెయిమ్ రాదు. 2021 మేలో కృష్ణపట్నంలో కొవిడ్‌కు ఆనందయ్యగారు ఇచ్చిన నాటు మందు కోసం బారులు తీరిన జనాన్ని మన నెల్లూరు జిల్లా చూసింది. ఆ నమ్మకం గురించి ఇక్కడ వాదించను. బయటి దేశంలో జబ్బు పడినప్పుడు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న మందులతో మూడు నాలుగు రోజులు నెట్టుకొస్తే, వైద్యం ఆలస్యమైందన్న మాట కేసు షీటులో చేరుతుంది, ప్రాణానికీ క్లెయిమ్‌కూ రెంటికీ అది నష్టమే.

చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటి కూడా చెప్పాలి. ప్రయాణంలో మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని స్వదేశం తేవడానికి పాలసీలో డబ్బు ఉన్నా, మహమ్మారి వేళ అది సాధ్యపడకపోవచ్చు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం జారీచేసిన నిబంధనలు, కొవిడ్‌తో మరణించినవారి భౌతికకాయాలను విదేశాల నుంచి తీసుకురావడం మంచిది కాదని చెప్పాయి. అందువల్ల అక్కడే అంత్యక్రియలు జరిపితే ఆ ఖర్చు పాలసీ భరిస్తుందా అన్నది కూడా చూడండి.

ప్రయాణం రద్దయితే

భయంతో మీరే మానుకుంటే ఏ పాలసీ అయినా డబ్బు ఇవ్వడం అరుదు. విమానం వారే రద్దుచేస్తే మొదట అడగవలసింది విమాన సంస్థను. లాక్‌డౌన్ నాటి టికెట్ల విషయంలో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పులో, 2020 మార్చి 25 నుంచి మే 24 మధ్య ప్రయాణాలకు ఆ రోజుల్లోనే బుక్ చేసినవారికి పూర్తి డబ్బు తిరిగివ్వాలని చెప్పింది. విమాన సంస్థ, హోటలు తిరిగి ఇవ్వగా మిగిలిన నష్టాన్నే బీమా చూస్తుంది. కాబట్టి వాళ్లు ఎంత ఇచ్చారో, ఎంత నిరాకరించారో రాతపూర్వకంగా తీసుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే

తిరస్కరణను ఫోనులో వినిపించుకొని ఊరుకోవద్దు. పాలసీలోని ఏ క్లాజు కింద తిరస్కరించారో లేఖలో రాసి ఇవ్వమని అడగండి. ఆ క్లాజును పాలసీ పత్రంతో పోల్చి చూసుకొని, మీ దగ్గరున్న ఈమెయిలు జవాబును జతచేసి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా అదే ఫిర్యాదును నమోదు చేయవచ్చు. 155255 నంబరుకు ఫోను చేసినా తీసుకుంటారు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోయినా, బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కంపెనీ తుది జవాబు అందిన నాటినుంచి ఏడాది లోపలే పెట్టాలి కాబట్టి, ఆ లేఖ వచ్చిన కవరును పారవేయకుండా, దానిమీది పోస్టు ముద్ర తేదీతో సహా దరఖాస్తుకు నకలు జతచేసి, అసలును మీ దగ్గరే ఉంచుకోండి.